రాజు పోయాక మొదలైన అసలు గొడవ

1831 అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఒక బేరం కుదిరింది. ఒక పక్క సిల్కు వ్యాపారులు, ఇంకో పక్క నేతగాళ్లు, మధ్యలో పెద్దమనిషిగా జిల్లా అధికారి. ఫలానా రకం బట్టకి మజూరి ఇంతకు తగ్గకూడదని ఒక రేట్ల పట్టిక రాసుకున్నారు. చేనేత ఊళ్లు తెలిసినవాళ్లకి ఆ వ్యవస్థ కొత్తగా వివరించక్కర్లేదు. పట్టు వ్యాపారిది, మగ్గం నేతగాడిది, నేసి ఇచ్చిన బట్టకి లెక్కకట్టి కూలి. అక్కడ ఆ నేతగాళ్లని కనూలు అనేవాళ్లు. క్రువా-రూస్ అనే గుట్ట మీద వాళ్ల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కో గది కప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, ఎందుకంటే జాకార్డ్ మగ్గం లోపల పట్టాలి. ధర్మవరం చీర అంచుల మీద ఏనుగులు, నెమళ్లు తీయడానికి వాడే ఆ జాకార్డ్ ఉంది చూశారా, దాన్ని తయారుచేసిన జాకార్డ్ ఈ లియాన్ వాడే.

పట్టిక మీద సంతకాలైతే అయ్యాయి గానీ చాలామంది వ్యాపారులు ఒప్పుకోలేదు. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కూలి అనేది ఇద్దరు స్వతంత్రులైన మనుషులు మాట్లాడుకుని తేల్చుకునే విషయం, మధ్యలో ప్రభుత్వం దూరి రేటు కట్టడం అంటే పాత రాజుల కాలం నాటి వృత్తి సంఘాల పెత్తనాన్ని మళ్లీ తేవడమే అన్నారు. పారిస్‌లో ప్రభుత్వం కూడా అదే మాట అంది. నవంబర్ 21న నేతగాళ్లు గుట్ట దిగారు. నల్ల జెండా మీద "పని చేసి బతుకుతాం, లేదా పోరాడి చస్తాం" అని రాసుకున్నారు. రెండ్రోజుల్లో సైన్యం ఊరు వదిలి వెళ్లిపోయింది, నగరం నేతగాళ్ల చేతికొచ్చింది, దాంతో ఏం చేయాలో వాళ్లకి తెలియలేదు. డిసెంబర్ మొదట్లో యుద్ధ మంత్రి మార్షల్ సూల్ట్ సుమారు 20 వేలమంది సైనికులతో వచ్చాడు. పట్టిక రద్దు, మధ్యవర్తిత్వం చేసిన అధికారి ఉద్యోగం కూడా హుష్‌కాకి.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఆ సైన్యాన్ని పంపింది ఎవరనేది. పాత బోర్బన్ రాజు కాదు. 1830 జులైలో పారిస్ వీధుల్లో బారికేడ్లు కట్టి, పత్రికల నోరు నొక్కిన చార్లెస్ 10ని తరిమేసి గద్దెనెక్కిన ఉదారవాద ప్రభుత్వం. ప్రధాని కాసిమిర్ పెరియే పెద్ద బ్యాంకర్. ఆ బారికేడ్ల మీద ఎక్కువగా చచ్చింది చేతిపనుల వాళ్లు, కూలీలు. అంటే పదహారు నెలల కిందట ఒకే గోడ వెనక నిలబడ్డవాళ్లు ఇప్పుడు ఒకరినొకరు కాల్చుకున్నారు.

పంతొమ్మిదో శతాబ్దం యూరప్ "ఇజాల" గురించి చదివినప్పుడల్లా మనకి ఒక వరస చూపిస్తారు: ఉదారవాదానికి ఒక తత్వవేత్త, సంప్రదాయవాదానికి ఇంకొకాయన, సోషలిజానికి మార్క్స్, జాతీయవాదానికి ఇటలీకి చెందిన మాజినీ, ఒక్కొక్కటీ ఒక్కో బుర్రలోంచి పూర్తిగా తయారై ఊడిపడ్డట్టు. పరీక్షకి రాయడానికి బాగుంటుంది. కానీ జరిగింది అలా కాదు. రాజు ఉన్నంతసేపూ అందరిదీ ఒకటే పార్టీ. రాజు పక్కకి తప్పుకోగానే, "అధికారం ప్రజలది" అనగానే, ప్రజలంటే ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. పన్ను కట్టేవాడా, ఒకే భాష మాట్లాడేవాడా, రెక్కల కష్టం మీద బతికేవాడా? ఈ ఒక్క ప్రశ్న మీద పడ్డ తగాదాల్లోనే ఆ ఇజాలకి ఒక రూపం వచ్చింది.

ఆ మాటల వయసు చూసినా ఇదే తెలుస్తుంది. కుడి, ఎడమ అన్న లెక్క 1789లో ఫ్రెంచి జాతీయ సభలో కుర్చీల నుంచి వచ్చింది, రాజుకి వీటో ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడి వైపున, వద్దన్నవాళ్లు ఎడమ వైపున చేరారు. 'ఐడియాలజీ' అనే మాటని 1796లో దెస్తూ ద ట్రాసీ అనే ఫ్రెంచి పెద్దమనిషి పుట్టించాడు, భావాలు ఎలా పుడతాయో చెప్పే శాస్త్రం అని ఆయన ఉద్దేశం. నెపోలియన్ దాన్ని తిట్టుగా మార్చేశాడు, పనికిమాలిన సిద్ధాంతాలు చెప్పేవాళ్లని ఐడియాలజిస్టులు అని వెక్కిరించేవాడు. (తెలుగులో మనం 'భావజాలం' అంటున్నాం, జాలం అంటే వల కూడా కదా, తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ భలే కుదిరింది.) 'లిబరల్' ఒక రాజకీయ పక్షం పేరైంది స్పెయిన్‌లో, నెపోలియన్ సైన్యాలు దేశమంతా ఆక్రమించి ఉండగా కాదిజ్ రేవులో కూర్చుని 1812 రాజ్యాంగం రాసినవాళ్లకి. 1818లో రాజరికాన్ని సమర్థించే ఫ్రెంచి రచయిత షతోబ్రియాఁ తన పత్రికకి 'కన్సర్వేటర్' అని పేరు పెట్టాడు. 'సోషలిస్టు' అన్నది 1820ల చివర్లో, 1830ల్లో ఇంగ్లండు, ఫ్రాన్స్ రెండు చోట్లా వాడుకలోకొచ్చింది. మొత్తం నలభై ఏళ్లు తిరిగేలోపే ఈ మాటలన్నీ పుట్టేశాయి.

వీటిలో ఎక్కువ అపార్థానికి గురయ్యేది సంప్రదాయవాదం. అది పాతది, మిగతావి కొత్తవి అనుకుంటాం. నిజానికి అదీ ఫ్రెంచి విప్లవం కన్న బిడ్డే. 1789కి ముందు రాజరికాన్ని ఎవరూ సిద్ధాంతంగా సమర్థించాల్సిన పని అంతగా పడలేదు, ఊళ్లో గాలి ఉన్నట్టు అది ఉండేది. దాన్ని కూలదోయొచ్చని తేలాకే దాన్ని ఎందుకు ఉంచాలో చెప్పాల్సొచ్చింది. 1790లో ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ ఆ పని చేశాడు. సమాజం అంటే ఇప్పుడు బతికున్నవాళ్ల మధ్య ఒప్పందం మాత్రమే కాదు, పోయినవాళ్లూ పుట్టబోయేవాళ్లూ అందులో భాగస్తులే, కాగితం మీద గీసిన హక్కుల కోసం తరాలుగా పెరిగినదాన్ని నరికితే చివరికి మిగిలేది సైన్యాధికారి పెత్తనమే అన్నాడు. నెపోలియన్ రావడానికి తొమ్మిదేళ్ల ముందు అన్న మాట ఇది. ఇదే బర్క్ ఆ రోజుల్లోనే ఇంగ్లండు పార్లమెంటులో వారన్ హేస్టింగ్స్ మీద అభిశంసన నడుపుతున్నాడు, కంపెనీ వాళ్లు భారతదేశంలో పాత వ్యవస్థల్ని ధ్వంసం చేశారని. రెండు చోట్లా ఆయన కోపం ఒకటే.

ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్‌లో మాత్రం అంత ఆలోచన కనపడదు. నెపోలియన్ ఓడాక 1815లో వియన్నాలో యూరప్ పటం సర్దాక ఆయన ఎక్కువగా నమ్ముకున్నది పోలీసుల్ని. 1819లో కార్ల్ జాండ్ అనే విద్యార్థి కొట్జెబూ అనే నాటక రచయితని పొడిచి చంపితే, దాన్ని సాకుగా తీసుకుని కార్ల్స్‌బాడ్ ఆదేశాలు తెచ్చాడు. అందులో ఒక రూల్ ఉంది: 20 ఫారాల లోపు, అంటే సుమారు 320 పేజీల లోపు అచ్చయ్యే ప్రతిదీ ముందే సెన్సార్‌కి చూపించాలి. లావు పుస్తకాలు పండితులు తప్ప ఎవరూ చదవరు, కాబట్టి ప్రమాదం లేదని లెక్క. కరపత్రం అంటే భయం, గ్రంథం అంటే ధీమా. ఆ కాలపు జర్మన్ రచయితలు కొందరు కావాలనే సాగదీసి రాసి ఆ గీత దాటేవాళ్లు.

ఇక ఉదారవాదుల సంగతి. రాజ్యాంగం, పత్రికా స్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం, ఆస్తికి రక్షణ, ఇవన్నీ అడిగారు, చాలావరకు సాధించారు కూడా. వీళ్లని తేలిక చేయడం అన్యాయం, ఈ రోజు మనం పోలీస్ స్టేషన్‌లో అరెస్టుకి కారణం చెప్పమని అడగగలుగుతున్నామంటే అందులో వాళ్ల పాలు చాలా ఉంది. చిక్కంతా ఓటు దగ్గర. 1830 తర్వాత ఫ్రాన్స్‌లో ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టేవాడికే ఓటు, 3 కోట్లకు పైగా జనాభాలో ఓటర్లు లక్షా డెబ్భై వేల లోపే. ఓటు కావాలంటే ఏం చేయాలి అంటే, కష్టపడి పొదుపు చేసి సంపాదించుకోండి అన్నది అప్పటి మంత్రి గిజో ధోరణి. గిజో దొంగ కాదు, గొప్ప చరిత్రకారుడు, ప్రాథమిక పాఠశాలల చట్టం తెచ్చినవాడు. ఆయన మనసారా నమ్మింది ఏమిటంటే ఓటు అనేది హక్కు కాదు, అదొక బాధ్యత, ఆలోచించే తీరిక ఉన్నవాడే దాన్ని మోయగలడు. కూలివాడికి తీరిక ఎందుకు లేదు అనే ప్రశ్న ఆ లెక్కలోకి రాలేదు.

ఆ ప్రశ్న సముద్రాలు దాటితే ఇంకా మొహం చాటేసింది. స్వేచ్ఛ గురించి ఆ శతాబ్దంలో అందరికంటే బాగా రాసిన జాన్ స్టువర్ట్ మిల్ 35 ఏళ్లు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. తన స్వేచ్ఛా సూత్రం ఇంకా 'ఎదగని' సమాజాలకి వర్తించదని స్పష్టంగానే రాశాడు. అక్కడ గిజో ఫ్రెంచి కూలీకి చెప్పిందీ ఇక్కడ మిల్ మనకి చెప్పిందీ ఒకటే, ముందు అర్హత తెచ్చుకోండి అని.

ఇంగ్లండులో కథ కొంచెం వేరుగా నడిచింది. 1832 ఓటు సంస్కరణ కోసం మధ్యతరగతి, కార్మికులు కలిసే అరిచారు. చట్టం వచ్చాక చూస్తే ఓటు మధ్యతరగతి దాకా వచ్చి ఆగింది. ఆ మోసపోయామన్న బాధలోంచే చార్టిస్టులు పుట్టారు, 1838లో ఆరు డిమాండ్ల పత్రం (చార్టర్) రాశారు: వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, సభ్యులకి ఆస్తి అర్హత వద్దు, జీతం కావాలి, సమాన నియోజకవర్గాలు, ఏటా పార్లమెంటు ఎన్నిక. మూడుసార్లు లక్షల సంతకాలతో అర్జీలు పెట్టారు, మూడుసార్లూ పార్లమెంటు తోసిపుచ్చింది. తర్వాత కాలంలో ఆ ఆరింట్లో అయిదు చట్టాలయ్యాయి. ఏటా ఎన్నికలు మాత్రం రాలేదు, బహుశా అదొక్కటీ రాకపోవడమే మంచిదైంది.

అసలు పగులు పారిస్‌లో 1848లో బయటపడింది. 1830లో చార్లెస్ 10 స్థానంలోకి వచ్చిన రాజు లూయీ ఫిలిప్ ఫిబ్రవరి 24న గద్దె దిగి పారిపోయాడు. కొత్త తాత్కాలిక ప్రభుత్వంలో కవి లామార్టిన్, రాడికల్ లెద్రు-రోలాఁ, సోషలిస్టు లూయీ బ్లాఁ, ఆల్బేర్ అని పిలిచే ఒక కార్మికుడు, అందరూ ఉన్నారు. మర్నాడే ఆయుధాలు పట్టుకున్న కార్మికులు నగర భవనంలోకి వచ్చి, అందరికీ పని ఇస్తామని రాసివ్వమన్నారు, రాసిచ్చారు. ఎర్ర జెండా పెట్టమన్నారు. లామార్టిన్ బయటకొచ్చి ప్రసంగం చేసి, మూడు రంగుల జెండాయే ప్రపంచం చుట్టి వచ్చిందని ఒప్పించాడు. జెండా సంగతి ప్రసంగంతో తేలిపోయింది, పని సంగతి అంత తేలిగ్గా తేలదు కదా.

పని ఇవ్వడానికి జాతీయ కార్ఖానాలు తెరిచారు. లూయీ బ్లాఁ అడిగింది కార్మికులే నడుపుకునే సహకార సంఘాలు, ఇచ్చింది మాత్రం మన కరువు పనుల లాంటివి, ఆ శాఖ మంత్రికి బ్లాఁ ఆలోచన అంటే సరిపడదు మరి. బంగారు పనివాడూ, కుర్చీలు చేసేవాడూ, టైలరూ పలుగూ పారా పట్టుకుని మైదానాలు చదును చేయాలి. పని ఉన్న రోజు 2 ఫ్రాంకులు, లేని రోజు దాదాపు అందులో సగం. మార్చిలో వేలల్లో ఉన్నవాళ్లు జూన్ నాటికి లక్ష దాటారు. దీనికి డబ్బెక్కడిది? ప్రత్యక్ష పన్నుల మీద ఫ్రాంకుకి 45 సెంటీములు, అంటే నూటికి 45, అదనంగా వడ్డించారు, ఆ దెబ్బ నేరుగా భూమి ఉన్న రైతు మీద పడింది. ఊళ్లో రైతుకి అర్థమైంది ఒకటే, పారిస్‌లో ఎవరో పని లేకుండా కూర్చుంటే తాను కట్టాలి.

సరిగ్గా ఆ సమయంలో ఆ రైతు చేతికే ఓటు వచ్చింది. అప్పటికి రెండున్నర లక్షల దాకా పెరిగిన ఓటర్లు ఒక్కసారిగా 90 లక్షలయ్యారు. ఏప్రిల్ 23, ఈస్టర్ ఆదివారం, చర్చి నుంచి పూజారి, భూస్వామి వెంట ఊరంతా బారులు తీరి ఓటేయడానికి నడిచి వెళ్లిన చోట్లు ఎన్నో. గెలిచింది ఎక్కువగా మితవాద రిపబ్లికన్లు, వాళ్ల వెనకాలే రాజరికం వాళ్లు. అందరికీ ఓటు ఇస్తే విప్లవం దానంతటదే గెలుస్తుందనుకున్న ఎడమ పక్షానికి ఇది మింగుడుపడలేదు, ఎన్నిక వాయిదా వేయమని ముందే అడిగింది కూడా వాళ్లే. ప్రజలు తప్పుగా ఓటేస్తే ఏం చేయాలి అనే ఇబ్బందికరమైన ప్రశ్న అప్పుడు మొదలైంది.

జూన్‌లో కొత్త సభ ఆ కార్ఖానాలను చుట్టేయడానికి సిద్ధమైంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు సైన్యంలో చేరాలి, మిగతావాళ్లు పారిస్ వదిలి వేరే జిల్లాల్లో మట్టి పనికి పోవాలి. జూన్ 23న తూర్పు పారిస్ మళ్లీ బారికేడ్లు కట్టింది. అల్జీరియాలో పేరు తెచ్చుకున్న జనరల్ కవెన్యాక్ ఫిరంగులతో నాలుగు రోజుల్లో అణిచేశాడు. మధ్యలో శాంతి మాట్లాడదామని వెళ్లిన పారిస్ ఆర్చిబిషప్ కూడా తూటా తగిలి చనిపోయాడు. వేలమంది చచ్చారు, వేలమందిని అల్జీరియాకి పంపేశారు. ఇది చేసింది రాజు కాదు, రిపబ్లిక్. ఇంకో విషయం, బారికేడ్లని కూల్చడంలో ముందున్న మొబైల్ గార్డు అనే సర్కారు దళం కుర్రాళ్లు చాలామంది అదే పారిస్ పేదిళ్ల పిల్లలు, ఫిబ్రవరిలో పని లేక గార్డులో చేరినవాళ్లు. వర్గపోరాటం అని ఒక్క ముక్కలో తేల్చేద్దామంటే ఈ కుర్రాళ్లు అడ్డొస్తారు.

ఇంతకీ మార్క్స్, ఎంగెల్స్‌ల కమ్యూనిస్టు ప్రణాళిక ఇదే ఫిబ్రవరిలో లండన్‌లో అచ్చయింది, జర్మన్‌లో, ఇరవై చిల్లర పేజీల కరపత్రంగా. ఫిబ్రవరి బారికేడ్ల మీద ఉన్నవాళ్లలో దాన్ని చూసినవాళ్లు లేరనే చెప్పాలి. వాళ్ల నోట్లో ఆడింది బ్లాఁ, ప్రూధోఁ, కబే లాంటి ఫ్రెంచి సోషలిస్టుల పేర్లు. పుస్తకం విప్లవాన్ని తేలేదు, జూన్ ఓటమి తర్వాతే ఆ పుస్తకానికి పాఠకులు దొరికారు.

జర్మనీలో ఇదే ఏడాది తగాదా కూలి మీద కాకుండా భాష మీద నడిచింది. మే 18న ఫ్రాంక్‌ఫర్ట్‌లో సెయింట్ పాల్ చర్చిలో జాతీయ సభ కూడింది. ప్రొఫెసర్లు, జడ్జీలు, లాయర్లు, సర్కారు ఉద్యోగులు. కార్మికులు దాదాపు లేరు. హక్కుల పత్రం అద్భుతంగా రాశారు. కానీ జర్మనీ అంటే ఎక్కడిదాకా? ఆస్ట్రియాని కలపాలా వద్దా? ఆస్ట్రియా కింద ఉన్న బొహీమియాలో చెక్ జాతివాళ్లు ఉన్నారు కదా? చెక్ చరిత్రకారుడు పలాట్స్కీని సభకి రమ్మంటే, నేను జర్మన్‌ని కాను, స్లావ్ చెక్‌ని అని జవాబు రాశాడు. పైగా ఆస్ట్రియా సామ్రాజ్యం లేకపోతే యూరప్ మేలు కోసం దాన్ని తయారుచేసుకోవాల్సి వచ్చేదన్నాడు, ఎందుకంటే అది పోతే చిన్న జాతుల్ని రష్యా మింగేస్తుందని ఆయన భయం. ఉదారవాది ఒకడు సామ్రాజ్యాన్ని ఉంచమంటున్నాడంటే, ఇంకో ఉదారవాది జాతీయవాదం వాడిని ఎంత భయపెట్టిందో చూడండి.

ప్రష్యా అనే జర్మన్ రాజ్యం కింద ఉన్న పోజెన్ ప్రాంతం మీద చర్చ ఇంకా ఘాటుగా సాగింది. అక్కడ ఎక్కువమంది పోలిష్ వాళ్లు. మార్చిలో పోలండ్‌కి జై కొట్టిన జర్మన్ ఉదారవాదులు జులైలో ఆ ప్రాంతంలో చాలా భాగం జర్మనీకే కావాలన్నారు. ఎడమ వైపు కూర్చునే విల్‌హెల్మ్ యోర్డాన్ లేచి, ఆరోగ్యకరమైన జాతి స్వార్థం మనకి రావాల్సిన టైమొచ్చింది అన్నాడు. 1834లో మాజినీ 'యంగ్ యూరప్' పెట్టినప్పుడు అన్ని జాతులూ అన్నదమ్ముల్లా లేస్తాయనుకున్నారు. పద్నాలుగేళ్లలో అన్నదమ్ములు పొలం గట్టు దగ్గరకొచ్చారు. హంగరీ నాయకుడు కొషుత్ వియన్నాలోని ఆస్ట్రియా సర్కారుతో స్వేచ్ఛ కోసం కొట్లాడుతూనే తన కింద ఉన్న క్రొయేట్లకీ రొమేనియన్లకీ ఆ స్వేచ్ఛ ఇవ్వనన్నాడు, వాళ్లు చక్రవర్తి పక్షాన చేరారు. సోషలిస్టులేమైనా తక్కువ తిన్నారా, 1849లో ఎంగెల్స్ ఆ చిన్న స్లావ్ జాతుల్నే విప్లవ ద్రోహులని రాశాడు.

1849 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ ప్రష్యా రాజుకి కిరీటం ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు, జనం ఇచ్చే కిరీటానికి బురద వాసన అని సన్నిహితుల దగ్గర ఈసడించుకున్నాడు. సభ చెదిరిపోయింది.

ఈ గొడవలన్నీ శ్రద్ధగా చూసి పాఠం నేర్చుకున్నది మాత్రం కుడి పక్షం. మొదటివాడు నెపోలియన్ తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్. 1848 డిసెంబర్‌లో అధ్యక్ష ఎన్నికలో 50 లక్షలకు పైగా ఓట్లు, పోలైన వాటిలో నూటికి 74. ఫిబ్రవరి హీరో లామార్టిన్‌కి అర లక్ష కూడా రాలేదు. రైతుకి నెపోలియన్ పేరు తెలుసు, మిగతా పేర్లు తెలియవు. 1850లో పార్లమెంటు పెద్దలు, ఒకే చోట మూడేళ్లు ఉన్న రుజువు లేనివాడికి ఓటు తీసేసి 30 లక్షలమందిని జాబితా నుంచి తప్పించారు. ఏడాదిన్నర తర్వాత లూయీ నెపోలియన్ ఆ పార్లమెంటునే సైన్యంతో మూయించి, అందరికీ ఓటు మళ్లీ ఇస్తున్నా అని ప్రకటించాడు. నియంత ఓటుని కాపాడినవాడయ్యాడు, పార్లమెంటు ఓటుని లాక్కున్నదయింది. తన కుట్రకి ఒప్పుకుంటారా అని జనాన్నే అడిగితే 70 లక్షలకు పైగా అవునన్నారు.

తర్వాత ప్రష్యా ప్రధాని అయిన బిస్మార్క్ దీన్ని దగ్గరగా చూశాడు. 1860ల్లో ప్రష్యా ఉదారవాదులు బడ్జెట్ ఆపేసి ఆయన్ని ముప్పుతిప్పలు పెడుతుంటే, జర్మన్ కార్మికుల మొదటి పార్టీ పెట్టిన లసాల్‌తో రహస్యంగా కూర్చుని మాట్లాడాడు. ఇద్దరికీ ఉమ్మడి శత్రువు ఓటున్న మధ్యతరగతి. 1867లో ఉత్తర జర్మన్ సమాఖ్యలో 25 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ ఓటు ఇచ్చాడు, ఇంగ్లండు ఉదారవాదులు అప్పటికి అంత దూరం రాలేదు. పల్లె జనం రాజు వైపే ఉంటారు, పట్నం ఉదారవాదుల్ని ముంచేస్తారు అని ఆయన లెక్క. కొంతకాలం అలాగే నడిచింది.

లెక్క తప్పింది ఫ్యాక్టరీలు పెరిగినప్పుడు. 1878లో సోషలిస్టుల సభలు, పత్రికలు నిషేధించాడు, అభ్యర్థిగా నిలబడటం మాత్రం నిషేధించలేకపోయాడు. ఇంకో చేత్తో 1883లో కార్మికులకి జబ్బు బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పెన్షన్ ఇచ్చాడు, లూయీ బ్లాఁ కలలోనైనా సాధించలేనివి ఒక ప్రష్యన్ జమీందారు చేతి మీదుగా వచ్చాయి. పెన్షన్ వయసు 70, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ కూలీల్లో అంతకాలం బతికేవాళ్లు ఎందరు అనేది వేరే సంగతి. కార్మికులు బీమా తీసుకున్నారు, ఓటు మాత్రం సోషలిస్టులకే వేశారు. 1890 ఫిబ్రవరి ఎన్నికలో వాళ్లకి 14 లక్షల ఓట్లు, దేశంలో ఏ పార్టీకీ అన్ని రాలేదు. సీట్లు మాత్రం 35, నియోజకవర్గాల గీతలు జనం పట్నాలకి వెళ్లకముందు గీసినవి, వాటిని ఎవరూ కదపలేదు. నెల తిరక్కుండానే బిస్మార్క్‌ని యువ చక్రవర్తి ఇంటికి పంపేశాడు.